పైపు వేసే ముందు గొంతులోకి ఒకసారి చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రులకు, ప్రభుత్వ ఆసుపత్రుల ఉన్నతాధికారులకు, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుల నిర్వాహకులకు

నమస్కారం.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాటలు ఆలస్యమైన పిల్లలకు మాటలు నేర్పేవాళ్ళుగానే మమ్మల్ని ఎక్కువమంది ఎరుగుదురు. ముద్ద మింగలేని పెద్దవాళ్ళను చూడటం కూడా మా పనే. మాట్లాడటానికీ మింగడానికీ పనిచేసేవి అవే పెదవులు, అదే నాలుక, అదే గొంతు. అయినా పెద్దవాళ్ళు మా దగ్గరికి చేరేసరికి చాలా ఆలస్యం అయిపోతోంది. మనిషి సగానికి సగం చిక్కిపోయి, రెండు మూడుసార్లు ఊపిరితిత్తుల్లో నిమ్ము (న్యుమోనియా) చేరి, తిండి పోయడానికి ముక్కులోంచి కడుపులోకి వేసిన పైపుతో వస్తారు. ఆ పైపు ఎందుకు వేశారని అడిగితే ఇంట్లోవాళ్ళు చెప్పేది ఒకటే మాట: "నోటితో పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నారు మేడమ్." ఎందుకు పోతోంది, ఎక్కడ పోతోంది, ఏ పదార్థం పోతోంది, ఏది పోవడం లేదు అన్నది కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఎవరూ చూడలేదు కాబట్టి ఉండదు.

మిమ్మల్ని నేను అడిగేది ఇదే. మింగలేని ఏ పెద్ద మనిషికైనా, కారణం ఏమిటో గొంతులోకి చూసి తెలుసుకోకుండా పైపుతో ఇంటికి పంపే పద్ధతి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆగిపోవాలి. ఎందుకంటే ఆ కారణాల్లో కొన్నింటికి ఇవాళ కత్తిగాటు లేని చిన్న చికిత్సలు ఉన్నాయి. మరికొన్నింటికి వ్యాయామం, కూర్చోబెట్టే తీరు, తిండి చిక్కదనం మారిస్తే చాలు. ఏది ఎవరికి పనికొస్తుందో చూడకుండా తెలియదు.

గుటక వేయడం ఎంత పెద్ద పనో కాస్త చెప్పనివ్వండి. దాదాపు 30 జతల కండరాలు, మెదడు నుంచి నేరుగా వచ్చే ఐదారు జతల నరాలు కలిస్తేనే ఒక గుటక. ముద్ద గొంతులోకి జారిన క్షణంలో ఊపిరి ఆగుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, స్వరతంత్రులు మూసుకుంటాయి, అన్నవాహిక పైమూతి తెరుచుకుంటుంది. రైలు వచ్చేముందు గేటు పడ్డట్టు, ముద్ద రాకముందే గాలి దారి మూతపడాలి. ఇదంతా ఒక్క సెకనులో జరిగిపోతుంది. వయసు మీదపడితే కండరాల బలం తగ్గి, లాలాజలం తగ్గి, పళ్ళు ఊడి ఈ పని కొంచెం నెమ్మదించడం సహజం. మింగలేకపోవడం మాత్రం సహజం కాదు. దాని వెనక పక్షవాతమో, వణుకుడు జబ్బో (పార్కిన్సన్స్), మెడకు ఇచ్చిన రేడియేషనో, అన్నవాహికలో ఇరుకో, గొంతు కింద ఒక సంచో, మరేదో ఉంటుంది.

భోజనం చేస్తూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టడం మన ఇళ్ళలో అలవాటు. ఎప్పుడో ఒకసారి అయితే పరవాలేదు. డెబ్భై దాటిన మనిషికి రోజూ కంచం ముందు పొలమారుతుంటే అది డాక్టరు చూడాల్సిన లక్షణం. ఇంకా భయపెట్టేది పొలమారకపోవడం. పక్షవాతం వచ్చినవాళ్ళలో, వణుకుడు జబ్బు ముదిరినవాళ్ళలో గొంతుకు స్పర్శ తగ్గిపోతుంది. నీళ్ళు గాలి గొట్టంలోకి జారినా దగ్గు రాదు. "అమ్మ బాగానే తాగుతోంది" అనుకుంటూ ఉంటారు. వారం తిరక్కుండా జ్వరం, ఆయాసం, ఛాతీలో నిమ్ము. యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపుతారు, ఇంటికెళ్ళాక మళ్ళీ అవే నీళ్ళు తాగుతుంది.

ఇంట్లోవాళ్ళు చెప్పే చిన్న చిన్న గుర్తులే మాకు సగం దారి చూపిస్తాయి. నీళ్ళు, చారు, మజ్జిగ దగ్గర ఇబ్బంది పడుతూ మెత్తటి ముద్ద మింగగలిగితే, తప్పు సాధారణంగా గొంతులో, నరాల్లో ఉంటుంది. నీళ్ళు దిగుతూ అన్నం, చపాతీ, మాంసం ముక్క రొమ్ము దగ్గర ఆగిపోతుంటే అన్నవాహికలో ఎక్కడో ఇరుకు ఉందని అనుమానించాలి. ఆ ఇరుకు వారాల్లోనే పెరుగుతుంటే క్యాన్సర్ కాదని తేలేదాకా ఊరుకోకూడదు. ఘనమూ ద్రవమూ రెండూ మొదటి నుంచే ఆగుతుంటే అన్నవాహిక కదలికే దెబ్బతిని ఉండొచ్చు. ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి ఏ మిషనూ అక్కర్లేదు. ఓపీలో అడిగేంత తీరిక ఉంటే చాలు, ఆ తీరిక ఇవ్వగలిగింది మీరే.

తర్వాత చూడాలి. చూడటానికి రెండు దారులున్నాయి. ఒకటి, బేరియం కలిపిన పదార్థాన్ని తినిపిస్తూ ఎక్స్‌రే మీద వీడియోగా చూడటం. ఇందులో నోటి నుంచి అన్నవాహిక దాకా ప్రయాణమంతా కనిపిస్తుంది. రెండోది, ముక్కులోంచి సన్నని ఎండోస్కోపు దించి, రంగు కలిపిన నీళ్ళు, పెరుగు, మెత్తటి అన్నం ఇస్తూ గొంతును నేరుగా చూడటం. 1988లో అమెరికాలో సూసన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు దీన్ని ఒక పద్ధతిగా వివరించారు. ఇంగ్లీషు పొడి అక్షరాలతో దీన్ని ఫీస్ (FEES) అని పిలుస్తాం. మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, కదల్లేని మనిషిని మంచం మీదే పరీక్షించవచ్చు. దీనికి వాడేది ఈఎన్‌టీ డాక్టర్లు రోజూ చేతిలో పట్టుకునే వంగే స్కోపే. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో కొత్త కాలేజీలు మొదలయ్యాయి. కాలేజీ ఉన్నచోట ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. కాబట్టి నేను అడిగేది కోట్ల రూపాయల యంత్రం కాదు. ఉన్న స్కోపుతో, శిక్షణ ఉన్న ఇద్దరు మనుషులతో, వారంలో రెండు పూటలు మింగుడు క్లినిక్ నడపమంటున్నాను.

చూస్తే ఏం దొరుకుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఈ జబ్బు గురించి తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

డెబ్భై దాటిన ఒక రైతు. పొద్దున తిన్న ఇడ్లీ ముక్కలు రాత్రి పడుకున్నాక నోట్లోకి వస్తున్నాయన్నాడు. అరగలేదు, పులుపు లేదు, తిన్నది తిన్నట్టే వస్తోంది. నోరు వాసన. నీళ్ళు తాగితే మెడలో ఎడమ పక్క గుడగుడ. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, చాలాకాలం మాత్రలు మింగాడు. ఆ మాత్రలు కూడా ఒక్కోసారి మర్నాడు బయటికి వచ్చేవి. నలుగురిలో కూర్చుని తినడానికి సిగ్గుపడి పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. బేరియం ఎక్స్‌రేలో గొంతు వెనక సంచి స్పష్టంగా కనిపించింది. దాన్ని జెంకర్స్ డైవర్టిక్యులమ్ అంటారు. అన్నవాహిక పైమూతి దగ్గర క్రికోఫారింజియస్ అనే కండరం సరిగా సడలకపోతే, దాని పైనున్న బలహీనమైన చోట గొంతు పొర బయటికి ఉబ్బి సంచిలా తయారవుతుంది. తిన్నది కడుపులోకి పోకుండా అందులో చేరుతుంది. ఎక్కువగా డెబ్భై, ఎనభైల్లో ఉన్నవాళ్ళకే వస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దయచేసి దీన్ని మీ డాక్టర్లందరికీ చేర్చండి. ఈ సంచి ఉన్న మనిషికి చూడకుండా ముక్కులోంచి పైపు తోస్తే అది సంచిలోకి వెళ్ళి దాన్ని చీల్చే అవకాశం ఉంది. సాయం చేద్దామని వేసిన పైపే ప్రాణం మీదికి తెస్తుంది.

ఒకప్పుడు దీనికి మెడ కోసి ఆపరేషన్ చేసేవారు. గుండె జబ్బు, షుగరు ఉన్న ఎనభై ఏళ్ళ మనిషికి అది చిన్న విషయం కాదు. గొంతు నరం దెబ్బతిని స్వరం పోవచ్చు, కుట్టు లీకవచ్చు. 1960లో డోల్మన్, మాట్సన్ అనే వైద్యులు నోటిలోంచి గట్టి గొట్టం దించి, సంచికీ అన్నవాహికకీ మధ్య గోడను కరెంటుతో కోసే పద్ధతిని ప్రచురించారు. ఆ గోడలో ఉన్నది సడలని ఆ కండరమే. దాన్ని కోస్తే సంచీ, అన్నవాహికా ఒకే దారి అయిపోతాయి, తిన్నది కిందికి జారిపోతుంది. 1993 నుంచి ఆ గోడను కోస్తూనే అంచులకు పిన్నులు వేసే స్టేప్లర్ వచ్చింది. అయితే గట్టి గొట్టం దించాలంటే మెడ బాగా వెనక్కి వంచాలి, నోరు పెద్దగా తెరవాలి. మెడ ఎముకలు అరిగిన పెద్దవాళ్ళలో ఇది అన్నిసార్లూ కుదరదు. 1995లో బ్రెజిల్, నెదర్లాండ్స్ వైద్యులు వంగే ఎండోస్కోపుతో ఇదే పని చేసి చూపించాక ఆ అడ్డంకి కూడా తగ్గింది. మెడ మీద గాటు ఉండదు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో మెత్తటి ఆహారం నోటితోనే తీసుకుంటారు. కొందరిలో రక్తస్రావం, చిల్లు పడటం లాంటి ఇబ్బందులు వస్తాయి. కొందరికి కొన్నేళ్ళకు మళ్ళీ లక్షణాలు రావచ్చు, మళ్ళీ చేయవచ్చు. నేను చెప్పిన రైతు ఈ చికిత్స అయ్యాక మనవరాలి పెళ్ళిలో పంక్తిలో కూర్చుని తిన్నాడు. ఆయన మాత్రలతోనే ఇంకొన్నాళ్ళు గడిపి ఉంటే ఏమై ఉండేదో నాకు తెలుసు. అలాంటివాళ్ళను కూడా చూశాను.

సంచి లేకుండా ఆ కండరం ఒక్కటే బిగుసుకుపోయిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు బెలూనుతో సాగదీయడం, బొటాక్స్ ఇంజెక్షన్, ఎండోస్కోపుతో కండరం కోయడం అనే మూడు మార్గాలున్నాయి. బొటాక్స్ ప్రభావం కొన్ని నెలలే, మందు పక్కకు పాకితే మింగుడు ఇంకా చెడిపోవచ్చు. అయినా పెద్ద మత్తు తట్టుకోలేని మనిషికి, కండరం కోస్తే ఫలితం ఉంటుందో లేదో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. థైరాయిడ్ లేదా ఛాతీ ఆపరేషన్ తర్వాతో, క్యాన్సర్ వల్లో ఒక స్వరతంత్రి పడిపోయి, గాలి దారి పూర్తిగా మూసుకోక నీళ్ళకు పొలమారేవాళ్ళకు ఆ తంత్రిలోకి జెల్ లాంటి పదార్థం ఎక్కించి మధ్యకు జరుపుతారు. లోకల్ మత్తుతో ఓపీలోనే అయిపోతుంది, గొంతు కూడా తేటపడుతుంది.

అన్నవాహిక కిందిమూతి తెరుచుకోని అకలేసియాకు జపాన్‌లో హరుహిరో ఇనొవె 2008లో మొదటిసారి మనుషుల్లో పోయెమ్ (POEM) అనే ఎండోస్కోపీ చికిత్స చేశారు; నోటిలోంచి దించిన ఎండోస్కోపుతో ఆ మూతి కండరాన్ని లోపల్నుంచే కోస్తారు. దీనికి మనం విదేశాల వైపు చూడనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 400 మందికి పైగా రోగుల్లో తమ ఫలితాలను 2017లోనే ప్రచురించారు. ప్రపంచం మన ఊరి నుంచి నేర్చుకుంటున్న చికిత్స ఇది. అదే రాష్ట్రంలో ఆదిలాబాద్ నుంచో, పక్క రాష్ట్రంలో పాడేరు నుంచో ఒక పెద్దావిడకు అసలు తనకున్న జబ్బు పేరేమిటో చెప్పేవాళ్ళు దొరకాలి కదా. నైపుణ్యం నగరంలో ఉంది, అనుమానించే కన్ను జిల్లాలో లేదు. నా బాధంతా ఇదే.

చిన్న చికిత్సలున్నాయని అందరికీ అవే చేయాలని నేను అనడం లేదు. పక్షవాతం తర్వాత గొంతు కండరాలు బలహీనపడి మింగలేని మనిషికి ఆ మూతి కండరం కోసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో దాదాపు సగం మందికి మింగుడు దెబ్బతింటుంది. వాళ్ళలో ఎక్కువమందికి మొదటి రెండు మూడు వారాల్లోనే మెరుగవుతుంది. ఆ రోజుల్లో తాత్కాలికంగా పైపు వేయడం తప్పు కాదు, అవసరం. తప్పంతా వేసిన పైపును మళ్ళీ ఎవరూ పరీక్షించకపోవడంలో ఉంది. మింగుడు తిరిగి వచ్చినా పైపు అలాగే ఉండిపోయిన మనుషులు నా దగ్గరికి వస్తుంటారు. గడ్డం ఛాతీకి ఆనించి మింగడం, గట్టిగా గుటక వేయడం, పడుకుని తల ఎత్తి ఉంచే వ్యాయామం, గాలి బిగబట్టి మింగి వెంటనే దగ్గడం లాంటివి ఎవరికి ఏది అవసరమో చూసి నేర్పితే చాలామంది నోటి తిండికి తిరిగి వస్తారు.

నెలా నెలన్నర దాటినా నోటితో కుదరదని తేలితే, ముక్కులో పైపు కన్నా పొట్ట మీదుగా వేసే పెగ్ గొట్టం మేలు. 1980లో గాడరర్, పాన్‌స్కీ ప్రచురించిన ఈ పద్ధతిలో ఎండోస్కోపు సాయంతో అరగంటలోపే గొట్టం అమరుతుంది. పొట్టకు కన్నమంటే ఇంట్లోవాళ్ళు భయపడతారు. కూర్చోబెట్టి చెబితే ఒప్పుకుంటారు. కానీ మతిమరుపు జబ్బు చివరి దశలో ఉన్నవాళ్ళకు ఏ గొట్టమూ ఆయుష్షు పెంచదు. వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ కూడా వాళ్ళకు గొట్టం కన్నా ఓపిగ్గా చేత్తో తినిపించడమే సరైనదని సిఫారసు చేసింది. చేతులకు గుడ్డలు కట్టి మరీ ముక్కులో పైపు ఉంచిన అమ్మమ్మలను చూస్తే నాకు దుఃఖం ఆగదు. ఈ విషయం కుటుంబంతో మాట్లాడే బాధ్యత ఎవరిదో మీ ఉత్తర్వుల్లో స్పష్టంగా రాయండి.

ఇక మీ చేతిలో ఉన్నవి. ముందు నర్సుల సంగతి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పక్షవాతం రోగులను చూసే 19 స్ట్రోక్ యూనిట్లలో ఒక అధ్యయనం జరిగింది, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జ్వరం, షుగరు, మింగుడు అనే మూడింటిని నర్సులు ఒక పద్ధతి ప్రకారం కనిపెట్టి చూసుకున్న యూనిట్లలో, 90 రోజుల తర్వాత చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడిన రోగులు 42 శాతం. అలా చేయని చోట 58 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. పక్షవాతం రోగి చేరగానే నోటిలో చుక్క నీళ్ళు పోసేముందు నర్సు మింగుడు పరీక్ష చేసి కేస్ షీట్‌లో రాయాలన్న ఒక్క ఉత్తర్వు మీరు ఇవ్వగలరు. మెలకువగా ఉన్నాడా, కూర్చోగలడా, ఉమ్మి మింగగలుగుతున్నాడా అని చూసి, తర్వాత చెంచాడు నీళ్ళతో మొదలుపెట్టే పరీక్ష అది. ఇప్పుడేమో చూడటానికి వచ్చిన చుట్టాలు వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో కొబ్బరినీళ్ళు పోస్తున్నారు. వాళ్ళది ప్రేమే. వద్దని చెప్పే మనిషి వార్డులో లేడు.

నోరు శుభ్రం చేయడం కూడా చికిత్సే. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళు గమనించారు. రోజూ పళ్ళు, నోరు శుభ్రం చేసిన వృద్ధుల్లో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, చేయనివాళ్ళలో 19 శాతం మందికి వచ్చింది. పైపు ఉంది కదా, నోటితో తినడం లేదు కదా అని మన వార్డుల్లో నోరు కడగడం మానేస్తారు. ఆ నోట్లో పెరిగిన క్రిములే ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పైపు ఉమ్మిని ఆపలేదు.

మనుషుల విషయానికొస్తే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పిల్లల కోసం స్పీచ్ థెరపిస్టు పోస్టు పెట్టారు. పెద్దవాళ్ళకు అలాంటి పోస్టు కావాలి. వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం 2010లోనే మొదలైంది, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వృద్ధుల వార్డు దాని లక్ష్యాల్లో ఒకటి. ఆ వార్డుకు మింగుడు చూసే మనిషిని కలపండి. మాట, వినికిడి సమస్యలకు జాతీయ సంస్థ అయిన అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాద్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రంలో చదివి బయటికి వస్తున్న పిల్లలు ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాలకు, వేరే దేశాలకు పోతున్నారు. పోస్టు ఉంటే ఇక్కడే ఉంటారు.

డబ్బు సంగతి చివర రాస్తున్నాను కానీ ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న అదే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పెద్ద ఆపరేషన్లు పేదింటికి అందాయి. 2024లో కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో సంబంధం లేకుండా 70 దాటిన అందరికీ వర్తింపజేసింది. 2011 లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్ళు 10 కోట్లకు పైన ఉన్నారు, ఇప్పుడు ఇంకా ఎక్కువ. మింగుడు పరీక్ష, ఆ తర్వాత థెరపీ, బెలూను, బొటాక్స్, సంచి గోడ కోయడం, పోయెమ్, పెగ్ అన్నీ మింగుడు సమస్య అనే ఒకే పేరు కింద ప్యాకేజీగా స్పష్టంగా రాసి ఆరోగ్యమిత్రల డెస్కు దగ్గర పెట్టండి. ఐసీయూలో మూడోసారి నిమ్ముకు చెల్లించే బిల్లు కన్నా ముందే చేసిన పరీక్ష ప్రభుత్వానికీ చవక. థెరపీ ఒక్క రోజుతో అయ్యేది కాదు కాబట్టి వారాల తరబడి వచ్చే మనిషికి ఆ లెక్కన చెల్లింపు ఉండాలి.

ఆసుపత్రి వంటశాలకు కూడా ఒక మాట. నీళ్ళ నుంచి మామూలు అన్నం దాకా చిక్కదనాన్ని 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్లుగా విభజించిన అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఉంది. సిరంజితో, ఫోర్కుతో కొలిచేయవచ్చు. రాగి జావ ఎంత చిక్కగా ఉండాలి, పెరుగన్నం మెతుకు లేకుండా ఎలా పిసకాలి, చారు అన్నంలో పల్చటి చారూ మెతుకులూ కలిసి ఉండటం ఎందుకు ప్రమాదం అన్నది మన వంటల పేర్లతో ఒక పేజీ అచ్చు వేస్తే ప్రతి కుటుంబం డిశ్చార్జి కాగితంతో పాటు ఇంటికి తీసుకెళుతుంది. మాత్రలు పొడి చేసి ఇవ్వొచ్చా లేదా అన్నది కూడా అందులోనే రాయాలి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నూరితే ఒక్కసారే మందంతా ఒంట్లోకి దిగుతుంది.

ఆ పేజీ తెలుగులో రాయడానికి, నర్సులకు మొదటి శిక్షణ ఇవ్వడానికి నాలాంటి థెరపిస్టులు, ఈఎన్‌టీ డాక్టర్లు రెండు రాష్ట్రాల్లోనూ సిద్ధంగా ఉన్నారు. మీ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో చెబితే మా సెలవు రోజుల్లో అయినా వస్తాం. మొదట ఒక్కో రాష్ట్రంలో రెండు జిల్లాలు ఎంచుకోండి. ఆరు నెలల్లో ఎంతమందికి గొంతు పరీక్ష జరిగింది, ఎంతమందికి పైపు తీశారు, ఎంతమంది మళ్ళీ నిమ్ముతో చేరారు అన్న మూడు అంకెలు ప్రజల ముందు పెట్టండి. తర్వాత మిగతా జిల్లాల సంగతి మాట్లాడదాం.

ఇట్లు,
పెద్దవాళ్ళ మింగుడు సమస్యలు చూసే ఒక స్పీచ్ థెరపిస్టు